స్టిమ్యులెంట్‌కి ఓపియాయిడ్ లాంటి ప్రభావం ఉందో లేదో మనుషుల్లో ఎలా తేలుస్తారు?

నాడీకణం
ఫార్మకాలజీ పీజీ రెండో ఏడు చేస్తున్నాను. జర్నల్ క్లబ్‌లో వచ్చిన వాదన ఒకటి తేలక ఇక్కడ అడుగుతున్నాను. దుర్వినియోగం అవుతున్న ఒక స్టిమ్యులెంట్ (ఉత్తేజక మందు) గురించి మాట్లాడుతూ ఒక సీనియర్ ఇలా అన్నారు: "పాత అధ్యయనాల్లో ఆంఫెటమిన్ ఇచ్చినా మార్ఫిన్ ఇచ్చినా ఎంబీజీ స్కేలు మీద స్కోరు పెరిగింది. ఈ మందు కూడా అదే స్కేలు పెంచుతోంది. కాబట్టి దీనిలో ఓపియాయిడ్ గుణం ఉన్నట్టే." సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది ఒప్పుకోలేదు. రిసెప్టర్ బైండింగ్, ఎలుకల ప్రయోగాలు నాకు తెలుసు. నాకు కావలసింది మనిషి దగ్గరి సంగతి. మందు ఇచ్చి, మనిషిని గమనించి, "ఇది ఓపియాయిడ్‌లా, అంటే మార్ఫిన్ తరహా మందులా, పనిచేస్తోంది" అని చెప్పడానికి ఏం చూడాలి? ఒక్క పరీక్షతో తేలుతుందా?

పాతఫైళ్లు
మీ సీనియర్ గారు చెప్పిన అంకె నిజమేనండీ, దాని నుంచి తీసిన తీర్పు మాత్రం తప్పు. ఆ స్కేలు ఎక్కడ పుట్టిందో చూస్తే తేటపడుతుంది.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో 1935లో మత్తుమందులకు అలవాటు పడిన ఖైదీల కోసం, స్వచ్ఛందంగా చేరే రోగుల కోసం ఒక ఫెడరల్ ఆసుపత్రి తెరిచారు. జనం దాన్ని నార్కోటిక్ ఫార్మ్ అనేవారు. అందులోని అడిక్షన్ రీసెర్చ్ సెంటర్‌లోనే మనం ఇవాళ వాడే పద్ధతుల్లో చాలావాటికి పునాది పడింది. హిమ్మెల్స్‌బాక్ అక్కడ విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆపినప్పుడు వచ్చే) లక్షణాలకు పాయింట్లు వేసే పద్ధతి తయారు చేశాడు. తర్వాత హిల్, హర్ట్‌జెన్ కలిసి 550 ప్రశ్నల పెద్ద ప్రశ్నావళి కట్టారు. దాన్నే అడిక్షన్ రీసెర్చ్ సెంటర్ ఇన్వెంటరీ, ఏఆర్‌సీఐ అంటారు. మందు తీసుకున్నవాళ్లు తమకు ఎలా ఉందో "నిజం", "అబద్ధం" అని గుర్తు పెడతారు. ఏ మందుకు ఏ ప్రశ్నలు కదులుతున్నాయో చూసి వాటిని గుంపులు కట్టారు. మార్ఫిన్‌కీ బెంజెడ్రిన్‌కీ, అంటే ఆంఫెటమిన్‌కీ, కలిపి కదిలిన ప్రశ్నల గుంపే మార్ఫిన్-బెంజెడ్రిన్ గ్రూప్, ఎంబీజీ.

అంటే ఆ స్కేలు కట్టినవాళ్లే ఈ రెండు మందుల్ని ఒక గూటిలో పెట్టారు. అది హాయినీ ఉల్లాసాన్నీ కొలుస్తుంది. ఆ హాయి ఏ రిసెప్టర్ నుంచి వచ్చిందో చెప్పే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

గణాంకి
పాతఫైళ్లు గారి మాటకి చిన్న చేర్పు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 49 ప్రశ్నల చిన్న రూపం. అందులో ఎంబీజీ ప్రశ్నలు 16. ఈ చిన్న రూపానికి అందరూ చూపించేది 1971లో మార్టిన్, స్లోన్, సపీరా, జసిన్‌స్కీ వేసిన పేపర్. ఆ పేపర్ ఓపియాయిడ్ల మీద కానే కాదు. ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్, ఎఫిడ్రిన్, ఫెన్మెట్రజీన్, మెథైల్‌ఫెనిడేట్, ఈ అయిదింటినీ మనుషుల్లో పోల్చిన పని అది. అయిదూ రక్తపోటు పెంచాయి, శ్వాస వేగం పెంచాయి, వాలంటీర్లు చెప్పిన అనుభూతులు కూడా ఒకే తరహాలో ఉన్నాయి.

శ్వాస వేగం దగ్గర ఆగండి. మార్ఫిన్ ఇస్తే అది తగ్గుతుంది. ఎంబీజీ ఒక్కటే చూసినవాళ్లకి ఈ తేడా కనపడదు.

నాడీకణం
రెండు పోస్టులకీ చాలా థాంక్స్ అండీ. సరే, ఎంబీజీ పెరగడం చాలదు. మరి ఏది చాలు? కంటిపాప చూస్తే సరిపోదా? ఓపియాయిడ్ ఇస్తే కుంచించుకుపోతుంది, స్టిమ్యులెంట్ ఇస్తే విచ్చుకుంటుంది. ఇంతకన్నా తేలికైన గీటురాయి ఏముంటుంది?

రాత్రిడ్యూటీ
ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే నేను ఇక్కడ మాట్లాడక తప్పదు. కంటిపాప మంచి గుర్తే. పైగా ఓపియాయిడ్ వాడకం పాతబడ్డా ఈ ప్రభావానికి శరీరం పెద్దగా అలవాటు పడదు. కానీ దాన్నొక్కదాన్నీ నమ్ముకున్నవాళ్లు ఏదో ఒక రోజు దెబ్బ తింటారు. క్లోనిడిన్ అనే బీపీ మందు ఎక్కువ మోతాదులో మింగిన పిల్లల్ని చూడండి. మగతలో ఉంటారు, ఊపిరి మందగిస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. చూడగానే ఓపియాయిడ్ అనిపిస్తుంది. క్లోనిడిన్ ఓపియాయిడ్లు పనిచేసే మ్యూ రిసెప్టర్ జోలికే పోదు, అది ఆల్ఫా-2 రిసెప్టర్ మీద పనిచేస్తుంది.

ఇంకో వైపు నుంచీ మోసం ఉంది. ఒకే మనిషి ఒంట్లో స్టిమ్యులెంటూ ఓపియాయిడూ రెండూ ఉంటే కంటిపాప ఎటూ తేలకుండా మధ్యలో నిలబడొచ్చు. బయట దొరికే స్టిమ్యులెంట్ పొడుల్లో ఫెంటానిల్ అనే బలమైన ఓపియాయిడ్ కలిసి ఉండటం ఇప్పుడు ఎన్నో చోట్ల జరుగుతోంది. "నేను తీసుకున్నది మెథ్ (మెథాంఫెటమిన్) మాత్రమే" అని నిజాయితీగా చెప్పే మనిషి కూడా ఊపిరి ఆడక పడిపోవచ్చు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం పడొచ్చని చెబుతున్నాను: ఏ మందు తీసుకున్నాడని విన్నా సరే, ఊపిరి మందగించి మనిషి లేవకపోతే ఓపియాయిడ్‌కి అడ్డుమందైన నాలోక్సోన్ ఇవ్వాలి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి, ఊపిరి అందించాలి. నాలోక్సోన్ స్టిమ్యులెంట్‌ని విరచదు. కానీ లోపల ఓపియాయిడ్ ఉంటే ప్రాణం నిలబెడుతుంది, లేకపోతే దాదాపు ఏ హానీ చేయదు.

తర్కశాస్త్రి
అయితే నాలోక్సోనే గీటురాయి అనుకోవచ్చుగా. మందు ఇచ్చి, అడ్డుమందు ఇచ్చి, ప్రభావం ఆగితే ఓపియాయిడ్, ఆగకపోతే కాదు. ఇంత సూటి దారి ఉండగా ప్రశ్నావళులు, పాయింట్లు ఎందుకు?

పాతఫైళ్లు
ఆ దారి కనిపించినంత సూటిగా ఉంటే మన పని ఎప్పుడో అయిపోయేది, తర్కశాస్త్రి గారూ. నాల్‌ట్రెక్సోన్ శుద్ధమైన ఓపియాయిడ్ అడ్డుమందు. స్వీడన్‌లో కరోలిన్‌స్కా పరిశోధకులు దాన్ని ఆంఫెటమిన్ మీద పరీక్షించారు. ఆంఫెటమిన్‌కి అలవాటు పడిన 20 మందికి ముందు నాల్‌ట్రెక్సోనో ప్లాసిబోనో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చి, ఆ పైన ఆంఫెటమిన్ ఇచ్చారు. 2008లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం నాల్‌ట్రెక్సోన్ వేసుకున్నప్పుడు ఆంఫెటమిన్ ఇచ్చే కిక్కు తగ్గింది, ఇంకా కావాలన్న తహతహ కూడా తగ్గింది. అదే ఏడాది 80 మందితో 12 వారాల చికిత్సా ప్రయోగం కూడా ప్రచురించారు. అందులో నాల్‌ట్రెక్సోన్ గుంపు ఆంఫెటమిన్ వాడకం తగ్గింది.

మీ సూత్రం ప్రకారం ఆంఫెటమిన్ ఓపియాయిడ్ అయిపోవాలి. కాదని మనందరికీ తెలుసు. అది డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే నాడీ రసాయనాల నిల్వల్ని బయటికి తోసే మందు.

తర్కశాస్త్రి
ఒప్పుకోను. ఆంఫెటమిన్ కిక్కులో కొంత భాగం ఓపియాయిడ్ దారిలోనే వస్తోందని కదా మీ ఉదాహరణ చెబుతున్నది? మందు మ్యూ రిసెప్టర్‌ని నేరుగా తాకకపోవచ్చు. అది మెదడు తానే తయారుచేసుకునే ఓపియాయిడ్లను, అంటే ఎండార్ఫిన్లను, విడుదల చేయిస్తే, ఆ ఎండార్ఫిన్లు పోయి రిసెప్టర్‌ని తాకితే, ఫలితం ఓపియాయిడ్ ప్రభావమే. వాడేవాడికి దారి ఏదైతే ఏం?

నాడీకణం
ఇది నాకూ వచ్చిన సందేహమే. పెట్ స్కాన్‌తో ఈ ఎండార్ఫిన్ విడుదలని చూశారని విన్నాను.

గణాంకి
చూశారు, కానీ ఫలితాలు ఒక్క మాట మీద లేవు. రేడియోధార్మిక కార్ఫెంటానిల్ అనే ఓపియాయిడ్‌ని అతి స్వల్పంగా ఇచ్చి, అది మ్యూ రిసెప్టర్ల మీద ఎంత కూర్చుందో స్కాన్‌లో చూస్తారు. ఆంఫెటమిన్ ఇచ్చాక అది తక్కువగా కూర్చుంటే, ఆ చోటుని ఎండార్ఫిన్లు ఆక్రమించాయని అర్థం. 2012లో ఒక బృందానికి ఆ తగ్గుదల కనిపించింది. 2013లో స్వీడన్ బృందానికి కనిపించలేదు. రెండు చోట్లా వాలంటీర్ల సంఖ్య చిన్నది. ఏదో ఒకటే చూపించి "తేలిపోయింది" అనేవాళ్లని నమ్మకండి.

తర్కశాస్త్రి గారి ప్రశ్న మాత్రం బలమైనది. నా జవాబు ఇది: అడ్డుమందు ప్రభావాన్ని ఆపిందా లేదా అన్నది సగం ప్రశ్న. దేన్ని ఆపింది, ఎంత ఆపింది అన్నది మిగతా సగం. మార్ఫిన్ ముందు తగినంత నాల్‌ట్రెక్సోన్ ఇస్తే హాయి, కంటిపాప కుంచించుకోవడం, దురద, నొప్పి తగ్గడం, ఊపిరి మందగించడం అన్నీ కలిసి పోతాయి. మార్ఫిన్ మోతాదు బాగా పెంచితే అన్నీ కలిసి తిరిగొస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయి. పాతఫైళ్లు గారు చెప్పిన 20 మంది అధ్యయనంలో ఏం జరిగింది? కిక్కు తగ్గింది కానీ శరీర కొలతల్లో నాల్‌ట్రెక్సోన్ గుంపుకీ ప్లాసిబో గుంపుకీ తేడా లేదు. ఒక కొమ్మ వంగింది, చెట్టు కదలలేదు. నాల్‌ట్రెక్సోన్‌ని 1994లో మద్యం వ్యసనానికీ అనుమతించారు. అంతమాత్రాన మద్యాన్ని ఎవరూ ఓపియాయిడ్ అనలేదు కదా.

తర్కశాస్త్రి
మోతాదు పెంచితే అన్నీ తిరిగి రావాలన్న మాట నాకు నచ్చింది. అది పరీక్షించగలిగే షరతు. సరే, కిక్కు తగ్గడం ఒక్కటే ఆధారం కాదని ఒప్పుకుంటున్నాను. కానీ చికిత్స చేసేవాళ్లకి ఈ ఒక్క కొమ్మ కూడా విలువైనదే.

రాత్రిడ్యూటీ
నిస్సందేహంగా. మెథాంఫెటమిన్ వ్యసనానికి నెలకోసారి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్‌ని మూడు వారాలకోసారి ఇస్తూ, దానికి బూప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు మాత్రలు కలిపి 403 మందిలో చేసిన ప్రయోగం 2021లో వచ్చింది. స్పందించినవాళ్లు మందు గుంపులో 13.6 శాతం, ప్లాసిబోలో 2.5 శాతం. చిన్న అంకెలే. అయినా ఈ వ్యసనానికి ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేని చోట ఆ తేడా తక్కువది కాదు.

కొత్తపొద్దు
నేను డాక్టర్‌ని కాను. రెండు రకాల మందులూ వాడి, చికిత్స తీసుకుని బయటపడినవాణ్ణి. మీ చర్చ అంతా చదివాను, ఒక మాట చెప్పాలనిపించింది.

"నచ్చిందా?" అని అడిగితే రెండింటికీ నచ్చింది అనే చెబుతాను. కానీ అవి ఒంట్లో ఒకేలా ఉండవు. ఒకటి వేసుకుంటే లేచి ఏదో చేయాలి, ఎవరితోనైనా మాట్లాడుతూనే ఉండాలి అనిపిస్తుంది. ఇంకోటి వేసుకుంటే ముక్కు గోక్కుంటూ కూర్చుని, తల వాలిపోతూ, ఎవరూ పలకరించకపోతే బాగుండు అనిపిస్తుంది. వాంతి వచ్చినా బాధనిపించదు. మానేసినప్పుడైతే పోలికే లేదు. ఒకటి మానేస్తే రోజుల తరబడి నిద్ర, ఆకలి, దిగులు. ఇంకోటి మానేస్తే కళ్లు ముక్కు కారడం, కడుపులో మెలి, ఎముకల్లో నొప్పి, చలికి రోమాలు నిక్కబొడుచుకోవడం, నిద్రే పట్టకపోవడం. మాలాంటివాళ్లని కూర్చోబెట్టి సరిగ్గా అడిగితే తేడా మేమే చెబుతాం. అలా అడిగే పద్ధతి ఏదైనా ఉందా?

పాతఫైళ్లు
ఉందండీ. మీరు రాసిన పేరా చదివి నేను కాసేపు అలాగే ఉండిపోయాను, ఎందుకంటే లెక్సింగ్టన్‌వాళ్లు 1961లో తెచ్చిన సింగిల్ డోస్ ఓపియేట్ ప్రశ్నావళిలో దాదాపు ఇవే ఉన్నాయి. మందు ప్రభావం తెలుస్తోందా, ఇది ఏ మందు అయి ఉంటుంది, నచ్చిందా అని మొదట అడుగుతారు. ఆ తర్వాత లక్షణాల పట్టీ వస్తుంది: కడుపులో తిప్పడం, చర్మం దురద, తేలిపోతున్నట్టు ఉండటం, ఆపకుండా మాట్లాడాలనిపించడం, ఏదైనా చేయాలన్న ఊపు, మగత, వాంతి వస్తున్నా హాయిగా ఉండటం. ఆ మాటలు వాడుకదారుల నోటి నుంచే తీసుకున్నారు. పక్కన కూర్చున్న పరిశీలకుడు కూడా తాను చూసింది విడిగా గుర్తు పెడతాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది "ఇది ఏ మందు?" అన్న ప్రశ్న. అనుభవం ఉన్నవాళ్లు ప్లాసిబోని ప్లాసిబో అని, మార్ఫిన్‌ని "డోప్" (ఓపియాయిడ్లకి వాళ్ల వాడుక పేరు) అని, ఆంఫెటమిన్‌ని ఉత్తేజక మందు అని గుర్తుపట్టగలరు. కొత్త మందుని వాళ్లు వరుసగా "డోప్" అంటుంటే ఎంబీజీ అంకె కన్నా అది గట్టి సాక్ష్యం. తర్వాతి రోజుల్లో జాన్స్ హాప్కిన్స్‌లో బిగెలో, ప్రెస్టన్ ఈ గుర్తుపట్టడాన్నే శిక్షణతో కూడిన పరీక్షగా మార్చారు. ముందు ఫలానా మందు ఫలానా అక్షరం అని నేర్పిస్తారు, ఆ పైన కొత్త మందు ఇచ్చి అది ఏ అక్షరంలా ఉందో చెప్పమంటారు.

కొత్తపొద్దు
ఇవన్నీ ఎవరి మీద చేశారు? ఖైదీలన్నారు పైన. వాళ్లు ఇష్టపడే చేశారా?

పాతఫైళ్లు
సంతకం పెట్టారు. అది స్వేచ్ఛతో పెట్టిన సంతకం అని మాత్రం నేను అనలేను. పాల్గొన్నందుకు శిక్షలో తగ్గింపు గానీ, మార్ఫిన్ లాంటి మందు గానీ ఎంచుకునే వీలు ఇచ్చారు. వ్యసనంతో ఉన్న మనిషికి, జైలు లాంటి చోట, ఆ మందునే కూలిగా చూపించి అనుమతి అడగడం అనుమతి అనిపించుకోదు. 1975లో అమెరికా సెనేట్ విచారణలో ఈ సంగతులు బయటికొచ్చాయి. మరుసటి ఏడు ఫెడరల్ ఖైదీలతో ఆ పరిశోధన ఆగిపోయింది. ఆ స్కేళ్లు, ఆ ప్రశ్నలు మనకి ఇవాళ పనికొస్తున్నాయి. వాటిని వాడే ప్రతి పీజీకీ అవి ఎవరి ఒంటి మీద తయారయ్యాయో చెప్పి తీరాలి. మా తరగతుల్లో ఎవరూ చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

గణాంకి
ఇప్పటి పద్ధతి చెబుతాను, కొత్తపొద్దు గారి ప్రశ్నకి అది కూడా జవాబే. ఇప్పుడు తీసుకునేవాళ్లు బయట స్వేచ్ఛగా ఉన్నవాళ్లు. ఆ తరహా మందులు సరదాకి వాడిన అనుభవం ఉండాలి, కానీ వాటి మీద ఆధారపడిన స్థితిలో ఉండకూడదు. చికిత్స కోరుతున్నవాళ్లని తీసుకోరు. ఓపియాయిడ్ పరీక్ష అయితే మొదటే నాలోక్సోన్ ఇచ్చి చూస్తారు. విత్‌డ్రాయల్ కనపడితే వాళ్లు ఆధారపడినట్టే, వెనక్కి పంపుతారు. తర్వాత అర్హతా దశ. ప్లాసిబోకీ తెలిసిన మందుకీ తేడా చెప్పగలిగినవాళ్లే అసలు పరీక్షకి వెళ్తారు.

అసలు పరీక్షలో ప్రతి మనిషికీ వేర్వేరు రోజుల్లో అన్ని మందులూ అందుతాయి. ఏది ఎప్పుడో ఇచ్చేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ తెలియదు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2017 మార్గదర్శకంలో ముఖ్యమైన కొలత "ఈ క్షణంలో మందు నచ్చుతోందా" అన్న 0 నుంచి 100 గీత. 50 అంటే నచ్చడమూ లేదు, నచ్చకపోవడమూ లేదు. ప్రతివారి గరిష్ఠ స్కోరు తీసి పోలుస్తారు.

ఇక్కడ నాడీకణం గారు గమనించాల్సిన చిక్కు ఉంది. ఈ డిజైన్ దుర్వినియోగ ప్రమాదాన్ని కొలవడానికి కట్టింది. స్టిమ్యులెంట్ అనుకున్న మందుని ఒక్క ఆంఫెటమిన్‌తోనే పోలిస్తే, దానిలో ఓపియాయిడ్ గుణం ఉన్నా బయటపడే అవకాశం తక్కువ. 2000లో మొడాఫినిల్‌ని మెథైల్‌ఫెనిడేట్‌తో పోల్చి చూశారు. ఆ ప్రశ్నకి అది సరిపోయింది. మీ ప్రశ్నకి మాత్రం ఆంఫెటమిన్ ఒకటి, ఆక్సికోడోన్ లాంటి ఓపియాయిడ్ ఒకటి, రెండు పోలిక మందులు ఉండాలి.

ఆకుపసరు
వృక్షశాస్త్రం వైపు నుంచి వచ్చాను. ఈ ప్రశ్నకి అచ్చంగా సరిపోయే మొక్క ఉంది కదా, ఎవరూ ఎత్తలేదేం? క్రాటమ్, మిట్రాగైనా స్పీసియోసా, కాఫీ కుటుంబానిదే. థాయ్‌లాండ్, మలేషియాల్లో ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లు అలసట తెలియకుండా ఆకు నమిలేవారు. అంటే ఉత్తేజక మందుగానే వాడారు. మోతాదు పెరిగితే మగత, నొప్పి తగ్గడం వస్తాయి. అందులోని మిట్రాగైనిన్ మ్యూ రిసెప్టర్ మీద పాక్షికంగా పనిచేస్తుందని ప్రయోగశాలలో తేలింది. శరీరంలో అది 7-హైడ్రాక్సీమిట్రాగైనిన్‌గా మారుతుంది, ఆ రూపం ఇంకా బలమైనది. థాయ్‌లాండ్ 1943లో చట్టం చేసి నిషేధించింది, 2021లో ఎత్తేసింది. అమెరికాలో మత్తుమందుల నియంత్రణ సంస్థ డీఈఏ 2016 ఆగస్టులో అత్యంత కఠినమైన షెడ్యూల్‌లో పెడతామని ప్రకటించి, జనం నుంచి వ్యతిరేకత వచ్చాక అక్టోబరులో వెనక్కి తీసుకుంది.

మనుషుల్లో పరీక్ష కూడా జరిగింది. మలేషియాలో క్రాటమ్ వాడే 26 మంది మగవాళ్లతో, ప్లాసిబో పెట్టి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. చేతిని మంచునీళ్లలో పెట్టించి ఎంతసేపు ఓర్చుకుంటారో కొలిచారు. క్రాటమ్ కషాయం తాగక ముందు సగటు 11.2 సెకన్లు, తాగిన గంటకి 24.9 సెకన్లు. రెట్టింపు దాటింది! ఓపియాయిడ్ గుణానికి ఇంతకన్నా ఏం కావాలి?

గణాంకి
ఆకుపసరు గారూ, మంచి ఉదాహరణ తెచ్చారు. అదే పేపర్‌లో ఆ 24.9 పక్కనే ఉన్న ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, 39.4. సగటు కన్నా పెద్దది. అంటే కొద్దిమంది చాలాసేపు చెయ్యి తీయకుండా ఉండి సగటుని పైకి లాగి ఉండాలి. నొప్పి మొదలయ్యే క్షణం మాత్రం మారలేదు, ఓర్చుకునే సమయమే పెరిగింది. గణాంకపరంగా తేడా ఉన్నమాట నిజమే. దాని మీద ఎంత బరువు పెట్టాలన్నదే నా సందేహం.

రాత్రిడ్యూటీ
నొప్పి తగ్గడం కూడా ఓపియాయిడ్లకే సొంతం కాదండీ. 1977లో ఫారెస్ట్ బృందం శస్త్రచికిత్స అయిన రోగుల్లో చూసింది: మార్ఫిన్‌కి 10 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోఆంఫెటమిన్ కలిపి ఇస్తే ఆ మార్ఫిన్ రెండింతల శక్తితో పనిచేసింది, 5 మిల్లీగ్రాములు కలిపితే ఒకటిన్నర రెట్లు. అచ్చమైన స్టిమ్యులెంటే నొప్పి మీద ఇంత ప్రభావం చూపిస్తే, మంచునీళ్ల పరీక్షతో క్రాటమ్‌లోని ఏ ముఖం పనిచేసిందో ఎలా చెబుతాం? ఆ మంచునీళ్లకి ముందు నాల్‌ట్రెక్సోన్ ఇచ్చి మళ్లీ చూడాలి. ఓర్పు వెనక్కి పడిపోతే అప్పుడు నేనూ మీతో ఒప్పుకుంటాను.

ఆకుపసరు
సరే. మరి విత్‌డ్రాయల్? దీర్ఘకాలం ఎక్కువగా వాడి మానేసినవాళ్లలో కళ్లు ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు వస్తాయి. కొత్తపొద్దు గారు చెప్పిన రెండో పట్టీకే దగ్గరగా ఉంది. ఓపియాయిడ్ మానేయడానికి సాయంగా క్రాటమ్ వాడుకునేవాళ్లూ ఉన్నారు. విత్‌డ్రాయల్‌ని ఆపగలిగితే అది ఓపియాయిడే కదా.

పాతఫైళ్లు
మీ మొదటి వాక్యం గట్టిది, చివరి వాక్యం బలహీనం. మార్ఫిన్ మీద ఆధారపడినవాళ్లకి మార్ఫిన్ ఆపి, దాని స్థానంలో కొత్త మందు ఇచ్చి చూసే పరీక్ష హిమ్మెల్స్‌బాక్ కాలం నాటిదే. విత్‌డ్రాయల్ పూర్తిగా అణిగితే పెద్ద సాక్ష్యం. కానీ 1978లో క్లోనిడిన్ కూడా ఓపియాయిడ్ విత్‌డ్రాయల్‌ని చాలావరకు అణచగలదని చూపించారు. అదే కుటుంబానికి చెందిన లోఫెక్సిడిన్‌ని 2018లో ఎఫ్‌డీఏ సరిగ్గా ఈ పనికే అనుమతించింది. రెండూ ఓపియాయిడ్లు కావు. అవి చెమట, గుండెదడ లాంటివాటిని బాగా తగ్గిస్తాయి, తహతహని అంతగా తగ్గించవు. ఇక్కడా దేన్ని ఎంత అణిచిందో విడదీసి చూడాల్సిందే.

మీ మొదటి వాక్యం గట్టిదని ఎందుకన్నానంటే, మందే శరీరాన్ని కొత్తగా తన మీద ఆధారపడేలా చేసి, మానేస్తే ఓపియాయిడ్ తరహా విత్‌డ్రాయల్‌ని తేవడం క్లోనిడిన్ చేయలేదు, ఆంఫెటమిన్ కూడా చేయలేదు. అన్ని గుర్తుల్లో నకలు చేయడం అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

కొత్తపొద్దు
ఒక మనవి. "సహజమైన ఆకు, స్టిమ్యులెంటే కదా" అని ఎవరైనా దాన్ని మొదలుపెడితే, మానేసే రోజు వచ్చేదాకా వాళ్లకి ఈ సంగతి తెలియదు. పరీక్షలు ఆలస్యమయ్యే కొద్దీ ఆ సంగతి ముందుగా కనుక్కునేది మాలాంటివాళ్లే. ఇది గుర్తుపెట్టుకుని పనిచేయండి.

నాడీకణం
కొత్తపొద్దు గారూ, మీ మాట జర్నల్ క్లబ్‌లో చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

నాకు అర్థమైనంతలో ప్రోటోకాల్ ఇలా రాసుకున్నాను, సరిచూడండి. ప్లాసిబో, పరీక్షించే మందు మూడు మోతాదుల్లో, ఒక ఆంఫెటమిన్, ఒక ఓపియాయిడ్. ప్రతి సెషన్‌లో నచ్చే గీత, "ఏ మందు ఇది", దురద, మగత, మాటల ఊపు. వీటితోపాటు కంటిపాప, శ్వాస, బొగ్గుపులుసు వాయువు స్థాయి, రక్తపోటు. తర్వాత పెద్ద మోతాదునే నాల్‌ట్రెక్సోన్ వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి. మందు మీద ఆధారపడేలా చేసి చూసే దశని మనుషుల్లో పెట్టడం లేదు, అది జంతువుల్లోనే.

రాత్రిడ్యూటీ
ఆధారపడేలా చేసే దశ వదిలేయడం సరైన నిర్ణయం. శ్వాసకి నిమిషానికి ఎన్నిసార్లు అన్న లెక్క ఒక్కటే పెట్టుకోకండి. స్టిమ్యులెంట్ ముఖం శ్వాస వేగాన్ని పెంచుతూ ఓపియాయిడ్ ముఖం తగ్గిస్తుంటే లెక్క మామూలుగానే కనిపిస్తుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు శరీరం ఎంత గట్టిగా ఊపిరి తీస్తోందో కొలిస్తే ఓపియాయిడ్ ముఖం బయటపడుతుంది. పెద్ద మోతాదు సెషన్లలో ఆక్సిజన్, నాలోక్సోన్, వాటిని వాడటం తెలిసిన మనిషి గదిలోనే ఉండాలి.

తర్కశాస్త్రి
నాల్‌ట్రెక్సోన్ సెషన్ పోలిక మందులకి కూడా పెట్టండి. ఓపియాయిడ్ ముందు వేస్తే అన్నీ పోవాలి, ఆంఫెటమిన్ ముందు వేస్తే కిక్కు కొంత తగ్గినా రక్తపోటు అలాగే ఉండాలి. ఆ రెండు ఆకారాలూ చేతిలో ఉంటేనే మీ మందు ఎటు పడిందో చెప్పగలరు. లేకపోతే నేను మొదట అడిగిన ప్రశ్నే మళ్లీ ఎవరో అడుగుతారు.

నాడీకణం
చేరుస్తాను. సెషన్లు పెరుగుతాయి కానీ తప్పదు. కంటిపాప దేంతో కొలవమంటారు? పాత పేపర్లలో పోలరాయిడ్ ఫొటోలు తీసేవారని చదివాను.

గణాంకి
ఇప్పుడు చేతిలో పట్టుకునే ప్యూపిలోమీటర్లు ఉన్నాయి, వాటితోనే చేయండి. పరికరం కన్నా గది వెలుతురు ముఖ్యం. కిటికీ లేని గది తీసుకోండి, ఒకే దీపం వాడండి, కొలిచే ముందు కాసేపు కళ్లు ఆ వెలుతురుకి అలవాటు పడనివ్వండి. మందు ఇవ్వక ముందు రెండు మూడు కొలతలు తీసి సగటు రాసుకోండి. కంటి చుక్కలు వాడేవాళ్లని మొదటే తప్పించండి. ఆ కొలతలు తీసేవాళ్లకి ఆ రోజు ఏ మందో తెలియకూడదు, వాలంటీర్ చెప్పే మాటలూ వాళ్ల చెవిన పడకూడదు.

నాడీకణం
రాసుకున్నాను. ఎథిక్స్ కమిటీకి పంపే ముందు డ్రాఫ్ట్ ఇక్కడ పెడతాను. సమ్మతి పత్రం భాగాన్ని మాత్రం ముందుగా కొత్తపొద్దు గారు చదివి, ఏ వాక్యం అర్థం కాలేదో చెప్పాలని కోరుకుంటున్నాను.

కొత్తపొద్దు
పంపండి. చదువుతాను.